వంటింటి కిటికీ పక్కన గాలి పెట్టె

ఆ రోజు ఉదయం కండక్టరుగారి ఆలోచన చాలా చిన్నది. మధ్యాహ్నానికి కూతురు టాక్సీలో వాళ్ళమ్మను ఆసుపత్రి నుంచి తీసుకొస్తుంది. ఆమె వచ్చేసరికి ఆయన తన చేత్తో ఒక కూర వండి, వేడిగా పళ్ళెంలో పెట్టాలి. అంతే.

ఆలోచన చిన్నదే గాని, ఆయనకు వంట రాదు. రిటైరయ్యేదాకా బస్సులో ఊరందరినీ ఎక్కించారు, దింపారు. పొయ్యి మీద గిన్నె పెట్టే పని మాత్రం ఎన్నడూ పడలేదు. మోకాలి ఆపరేషన్‌కు ముందు భార్య మంచం మీద పడుకుని, "ఇంటికొచ్చాక ఒక్కపూట ఎవరైనా వేడివేడిగా వండిపెడితే తినాలనుందండీ" అంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదటిసారి. పైగా "మీరు" అనలేదు, "ఎవరైనా" అంది. ఆ మాట ఆయనకు గట్టిగానే గుచ్చుకుంది.

ఇక గాలి పెట్టె సంగతి చెప్పాలి. నగరపాలక సంస్థా, ఒక స్వచ్ఛంద సంస్థా కలిసి గాలిని బాగుచేసే పథకం ఒకటి పెట్టి వీధికొక పెట్టె బిగించాయి. గాలిలో పొగ ఎంతుందో కనిపెట్టి అది ఆఫీసుకు చేరవేస్తుంది. ఎరుపు చూపిందంటే వీధిలోకి బండ్లు రానివ్వరు, దుమ్ము అణచడానికి నీళ్ళ లారీ వస్తుంది. ఈ వీధి పెట్టెకు కాపలాదారు కండక్టరుగారే. ఆ పదవి అడిగి మరీ తీసుకున్నారు. బిగించడానికి వచ్చిన సంస్థ అమ్మాయి బాల్కనీలో పెడదామంది. బాల్కనీ నిండా ఆయన భార్య పూలకుండీలు. వాటిని అంగుళం జరపాలన్నా ఆయనకు గుండె దడ. అందుకని ఆ అమ్మాయి వద్దంటున్నా వినకుండా, వంటింటి కిటికీ పక్కన బయటి గోడకు, పొగను బయటికి తోసే ఫ్యాను కిందే పెట్టించారు. ఏడాదిగా ఆ పెట్టె ఆకుపచ్చ తప్ప మరో రంగు ఎరగదు. వీధికి బహుమతి కూడా వచ్చింది. అదంతా తన కాపలా మహిమేనని ఆయన నమ్మకం.

ఆ ఉదయం ఉల్లిపాయలు తరుగుతూ ఆయన ధారగా ఏడ్చారు. నూనె కాగిందో లేదో తెలియక, బాగా పొగలొచ్చేదాకా ఆగి, అప్పుడు వేశారు. ఉల్లిపాయలు చూస్తూండగానే బొగ్గులయ్యాయి. గబగబా ఫ్యాను వేశారు. కాసేపటికి ఫోను కీచుమంది. మీ వీధిలో గాలి ప్రమాదకరంగా ఉంది, కిటికీలు మూసుకోండి అని అందులో ఉంది.

"ఇవాళే రావాలా ఈ దరిద్రం! కోలుకుంటున్న మనిషి ఈ గాలి పీల్చాలా?" అని కిటికీలన్నీ బిగించేశారు. పాపం పొగకు ఇక ఫ్యాను ఒక్కటే దారి. పెట్టె ఎరుపు ముదిరింది. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమండీ, ఏం తగలబెడుతున్నారు మీ వీధిలో?"

"ఎవడో దుర్మార్గుడండీ. ఎవడైనా సరే, వదిలిపెట్టను!"

మాడిన వాటి మీదే బంగాళాదుంపలు వేసి, సెగ తగ్గించి, పాత విజిల్ మెడలో వేసుకుని, తలుపుకు తాళం వేసి వీధిలోకి దిగారు.

మొదట బేకరీ దొరికింది. "ఆ పొయ్యి ఆపు ముందు!"

"ఇది కరెంటుది కదండీ!" అన్నాడు బేకరీ అతను. "పథకం వాళ్ళు కట్టెల పొయ్యి తీయించి ఇచ్చారు. రిబ్బను కత్తిరించింది మీరే!"

"అయినా ఆపు. నాకు అనుమానంగా ఉంది."

పిండి పొంగి సిద్ధంగా ఉన్న వేళ బేకరీ ఆగిపోయింది. తర్వాత మెకానిక్ షెడ్డులో ఇంజన్లన్నీ ఆపించారు. ఫోను చూస్తే ఇంకా ఎరుపే.

"మాది ఆపేశాక కూడా తగ్గలేదంటే మాది కాదుగా!" అని బేకరీ అతనూ, అతని వెనకే మెకానిక్కూ వెంటపడ్డారు.

"మీది ఆగగానే ఇంకెవడో అందుకున్నాడు" అన్నారు కండక్టరుగారు. ఇక మిగిలింది బండ్లే. వీధి మొదట్లో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి విజిల్ ఊదారు. వస్తున్న టాక్సీ కీచుమని ఆగింది. దాని వెనకే నీళ్ళ లారీ వచ్చి ఆగింది.

"ఒక్క బండి కూడా లోపలికి వెళ్ళడానికి వీల్లేదు! మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా మీకు?"

టాక్సీ అద్దం దిగింది. "నాన్నా, ఆ విజిల్ ఏంటి?" అంది కూతురు. ఆమె పక్కనుంచి భార్య తొంగి చూసింది. "ఏమండీ, నన్ను ఇంటికి రావద్దంటారా?"

"నువ్వా! అద్దం ఎత్తెయ్! గాలి బాగాలేదు. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళిపో!"

ఆమె కదల్లేదు. ఒక్కసారి గాలి పీల్చి చూసింది. "ఉల్లిపాయలు" అంది.

"ఏంటీ?"

"ముందు మాడినవి ఉల్లిపాయలు. ఇప్పుడు బంగాళాదుంపలు అడుగంటుతున్నాయి. స్టవ్ ఆపకుండా వచ్చేశారా?"

కండక్టరుగారి నోట్లోంచి విజిల్ జారిపోయింది. మెకానిక్ ఆయన చేతిలోని తాళంచెవి లాక్కుని పరుగెత్తాడు. నాలుగు మాటలు దులిపేద్దామని బేకరీ అతను నోరు తెరిచాడు గాని, ఆయన మొహం చూసి మళ్ళీ మూసేశాడు.

"నువ్వు అడిగావుగా, వేడివేడిగా..." అన్నారు కండక్టరుగారు.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కూతురి చేతిలోంచి వాకర్ అందుకుని కిందికి దిగింది. "బండ్లు లోపలికి రాకూడదుగా. పట్టుకుని నడిపించండి మరి."

ఆయన ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. ఆమె నెమ్మదిగా నడిచింది. వీధంతా వాళ్ళ వెనకే అంత నెమ్మదిగానూ నడిచింది.

ఇంట్లో ఆమె గిన్నెలో పైపైన మాడని నాలుగు ముక్కలు ఏరి తింది. "బాగున్నాయి" అంది.

"ఉప్పు వెయ్యడం మర్చిపోయాను."

"ఉప్పు తగ్గించమనే డాక్టరు చెప్పారు" అని ఇంకో ముక్క తీసుకుంది. అప్పటికి ఓవెన్ మళ్ళీ ఆన్ చేసిన బేకరీ అతను వేడి రొట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నీళ్ళ లారీలో వచ్చిన సంస్థ అమ్మాయి ఫ్యానునూ దాని కింద పెట్టెనూ మార్చి మార్చి చూసి నుదురు కొట్టుకుంది. "అంకుల్, ఏడాదిగా ఈ పెట్టె కొలిచింది వీధి గాలిని కాదు, ఆంటీ వంటని!"

"అయితే మన వీధికొచ్చిన బహుమతి?"

"అది ఆంటీదే."

కండక్టరుగారు భార్య వైపు చూశారు. ఇన్నాళ్ళూ ఏదీ మాడకుండా తన పళ్ళెంలోకి వచ్చిందంటే, దాని వెనక ఒక మనిషి కాపలా ఉందని ఆయనకు అప్పుడు తట్టింది. "రేపూ నేనే వండుతాను. నువ్వు పక్కన కూర్చుని చెప్పు" అన్నారు. ఆమె సరేనంది.

"ముందు పెట్టెను ఇక్కణ్ణుంచి మార్చాలండీ" అంది అమ్మాయి. "బాల్కనీలో ఆ కుండీలు కాస్త జరిపితే..."

కండక్టరుగారి భార్య రొట్టె తినడం ఆపి తలెత్తి చూసింది.

గాలి పెట్టె ఇప్పుడు బేకరీ మేడ మీద ఉంది.