చింతగింజ అంటించిన ఒకటో నెంబరు

తప్పంతా ప్రొద్దుటూరు ఈశ్వరయ్యదే అని ఓబుళరెడ్డి ఇప్పటికీ అంటాడు. మోటారు సామాన్లూ సెల్‌ఫోన్లూ అమ్మే అంగట్లో గల్లాపెట్టె వెనక కూర్చుని, నలుగురు గిరాకీల ముందర ఆ మహానుభావుడు ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే, తాను బుద్ధిగా కొత్త ఫోన్ కొనుక్కుని ఇంటికి వచ్చేవాడట. కొనేవాడు కాదని అతని భార్య ప్రమీలమ్మకు బాగా తెలుసు.

జమ్మలమడుగు పక్క పల్లెలో ఓబుళరెడ్డికీ, పులివెందులలో కాపురముండే దాయాది నాగేశ్వరరెడ్డికీ కలిపి ఒకే బోరు. సోమ, బుధ, శుక్రవారాలు ఓబుళరెడ్డి వంతు. మంగళ, గురు, శనివారాలు నాగేశ్వరరెడ్డి వంతు. ఆదివారం మెయిన్ తీసేసి మోటారుకు సెలవు. దానికి ఈశ్వరయ్య అంగట్లో కొన్న మొబైల్ స్టార్టర్ బిగించారు. పొద్దున తొమ్మిదికి త్రీఫేజ్ కరెంటు రాగానే అది ఓబుళరెడ్డికి ఫోన్ చేసి, మోటారు వేయాలంటే ఒకటి నొక్కమంటుంది. ఎత్తకపోతే ఎత్తేదాకా వదలదు. నాగేశ్వరరెడ్డి జీతగాడు మాత్రం యజమాని వంతు రోజుల్లో పదకొండుకు తీరిగ్గా చేనికి వచ్చి, వాల్వు తమ వైపు తిప్పుకుని, చేత్తోనే మోటారు వేసుకుని, పోయేటప్పుడు వాల్వు మళ్లీ ఓబుళరెడ్డి వైపు తిప్పి పోతాడు.

మూడేళ్లు నొక్కీ నొక్కీ ఓబుళరెడ్డి బటన్ల ఫోన్‌లో ఒకటో నెంబరు చచ్చిపోయింది. ఆ సోమవారం పొద్దున అతను పెట్టుకున్న పని చిన్నదే. ప్రొద్దుటూరు పోయి బటన్ బాగుచేయించుకోవడం, అన్నం వేళకు ఇల్లు చేరడం.

ఈశ్వరయ్య ఆ ఫోన్‌ను రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఇది ఐపాయ రెడ్డీ. కొత్తది తీస్కో."

"ఒక్క నెంబరుకు ఫోనంతా మార్చల్లనా? అది పంపేది శబ్దమే గదా. కూ అంటే మోటారు తిరుగుతాది. ఆ కూ ఏందో నేనే చేసుకుంటా."

"ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినోనికి ఇయన్నీ యాడ అర్థమైతాయి లేప్పా," అన్నాడు ఈశ్వరయ్య. గిరాకీలు నవ్వారు. అందులో ఒకడు ఓబుళరెడ్డికి చుట్టం కూడా.

బడి ఎగ్గొట్టిన మాట నిజమే కానీ, ఎగ్గొట్టి నాలుగేళ్లు రేడియోలు బాగుచేసే అంగట్లో కూర్చున్నాడు ఓబుళరెడ్డి. ఆ చదువుకు సర్టిఫికెట్ ఇవ్వరు కాబట్టి ఈశ్వరయ్యకు తెలియలేదు. నేరుగా టీవీల మెకానిక్ జమీర్ దగ్గరికి పోయి, నొక్కిన నెంబరును బట్టి రెండు స్వరాలు కలిపి పలికే చిప్పు ఒకటి, పాత కలర్ టీవీలోంచి పీకిన క్రిస్టల్ ఒకటి తీసుకున్నాడు. ఈ ఖర్చుకు ఇంకో నాలుగు నూర్లు వేస్తే ఫోనే వస్తుందని జమీర్ చెప్పి చూశాడు. ఇది దుడ్ల సంగతి కాదు, మర్యాద సంగతి అన్నాడు ఓబుళరెడ్డి.

అటక మీది పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లోంచి నెంబర్ల పలక ఊడదీశాడు. రేడియో స్పీకరు, మూడు సెల్లులు, ప్రమీలమ్మ సబ్బుపెట్టె. రెండు రోజుల్లో డబ్బా తయారైంది. కళ్లద్దాలు లేకుండా ఒకటో నెంబరు వేలికి తగలాలని దాని మీద చింతగింజ బద్ద అంటించాడు. ఇంత తెలివి ఎక్కడన్నా జారి పడిపోతుందేమోనని, సైకిల్ ట్యూబు ముక్కతో డబ్బాను ఫోన్ వీపుకు బిగించేశాడు. స్పీకరు ఫోన్ మైకు దగ్గర, నెంబర్లు బయటివైపు.

బుధవారం తొమ్మిదికి స్టార్టర్ ఫోన్ చేసింది. ఓబుళరెడ్డి చింతగింజ నొక్కాడు. కూ అంది. మైలు దూరంలో మోటారు తిరిగింది. ఆ పూట అతను వీధిలో ఎవరినీ ఊరికే పోనివ్వలేదు.

గురువారం నాగేశ్వరరెడ్డి వంతు. అయినా స్టార్టర్ అలవాటు కొద్దీ ఫోన్ చేసింది. "ఈ పొద్దు నాది గాదు, పోవే" అని చెవి దగ్గరే దాన్ని తిట్టి పెట్టేశాడు ఓబుళరెడ్డి. శనివారమూ అంతే. ఆ మధ్యలో ఎవరితో మాట్లాడినా, అవతలివాళ్లు ఏందప్పా ఆ కూత అని అడుగుతూనే ఉన్నారు. సిగ్నల్ బాగలేదని, తనకూ వినబడుతోందని చెబుతూనే ఉన్నాడు.

శనివారం సాయంత్రం చేనికి పోతే మిరపచెట్లు మడమల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి. మంగళవారమూ అదే కథ. వారంలో ఆరు రోజులూ నీళ్లు తాగిన మిరప ఎన్నాళ్లు బతుకుతుంది? ఆకులు వాలిపోయాయి, వేర్లు కుళ్లడం మొదలైంది. ఆ రాత్రే నాగేశ్వరరెడ్డి పులివెందుల నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, నా వంతు పూట మోటారేసి నీళ్లు దొంగిలిస్తాండావంట. మా జీతగాడు వచ్చేసరికే తిరుగుతాందంట. ముందు ఆ కూత ఆపు, నీ మాట ఇనపడ్డంల్యా."

"నేను దొంగిలిస్తాండానా? నా మిరపను ముంచి సంపల్లని నువ్వే ఏయిస్తాండావు. నీ ఎత్తు నాకు తెలీదనుకున్యావా."

పంచాయితీ పిలిచింది ఓబుళరెడ్డే. గురువారం ఎనిమిదిన్నరకు, జమ్మలమడుగులో రిటైరైన లైన్‌మన్ అల్లాబక్ష్ ఇంటి వసారాలో. మోటార్ల తగాదాలకు ఆ చుట్టుపక్కల ఆయన మాటే తీర్పు. కాగితం కూడా ఓబుళరెడ్డే రాశాడు. మంగళ, గురు, శనివారాల్లో జీతగాడు రాకముందే మోటారు వేసింది నాగేశ్వరరెడ్డి అని తేలితే, బోరులో తన సగం వాటా వదులుకోవాలి. ఓబుళరెడ్డి అని తేలితే, తండ్రుల కాలం నుంచి తగాదాలో ఉన్న గట్టు పక్క తుండు నేల వదులుకోవాలి. ఆ తుండును ఓబుళరెడ్డి ఇరవై ఏళ్లుగా దున్నుకుంటున్నాడు. గెలుస్తాననుకునేవాడికి చేతిరాత బాగానే కుదురుతుంది. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

అల్లాబక్ష్ అడగకముందే ఓబుళరెడ్డి తన డబ్బాను అందరికీ చూపించాడు. చిప్పు, క్రిస్టల్, చింతగింజ, అన్నీ వివరంగా. ఈశ్వరయ్య అన్న మాటా చెప్పాడు. ఇది తన సొంత తయారీ అనీ, తాను నొక్కితే తప్ప ఈ భూమ్మీద ఎవరూ ఆ మోటారు వేయలేరనీ గుండె మీద చెయ్యి వేసి చెప్పాడు. ఆ ముక్కను నాగేశ్వరరెడ్డి కాగితంలో రాయించుకున్నాడు.

సరిగ్గా తొమ్మిదికి ఫోన్ మోగింది.

"స్టార్టర్ మామా ఇది. కరెంటొచ్చినాది అని సెప్తాది," అన్నాడు ఓబుళరెడ్డి.

"ఎత్తు. అందురమూ ఇందాం. నువ్వు మాత్రం ఏమీ నొక్కాకు," అన్నాడు అల్లాబక్ష్.

ఓబుళరెడ్డి లౌడ్ స్పీకర్ పెట్టి, ఫోన్‌ను పిడికిట్లో బిగించి నలుగురికీ ఎత్తి పట్టుకున్నాడు. రెండో చెయ్యి ఖాళీగా ఉందని గాల్లో ఊపి చూపించాడు. ఫోన్‌లోని ఆడగొంతు త్రీఫేజ్ కరెంటు వచ్చిందని చెప్పింది. ఒకటి నొక్కమంది. అతని అరచేతిలోంచి కూ అని వినిపించింది. రోజూ ఇక్కడే పెట్టేసేవాడు. ఈ పొద్దు పెట్టలేదు కాబట్టి ఆ గొంతు శానా మర్యాదగా ఇంకో ముక్క కూడా చెప్పింది.

"మీ మోటారు ఆన్ చేయబడినది."

వసారాలో అందరూ ఓబుళరెడ్డి పిడికిలి వైపు తిరిగారు.

"నేను నొక్కలా మామా," అన్నాడు ఓబుళరెడ్డి.

అల్లాబక్ష్ ఫోన్ అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అరచెయ్యి చింతగింజ మీద పడింది. కూ అంది. చెయ్యి సడలించాడు, ఆగింది. మళ్లీ బిగించాడు, కూ అంది. ముసలాయనకు అది నచ్చినట్టుంది, ఇంకో రెండుసార్లు చేశాడు.

"పని మాత్రం పక్కాగా చేసినావప్పా," అన్నాడు చివరికి.

"మా అన్నను ఎవురూ ఏమీ అనొద్దండి," అన్నాడు నాగేశ్వరరెడ్డి కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "దొంగతనం ఆయప్ప చెయ్యలేదు. ఆయప్ప చెయ్యి చేసింది."

ఇంటికి వచ్చిన ఓబుళరెడ్డి ముఖం చూసి ప్రమీలమ్మ సంగతంతా అర్థం చేసుకుంది. అడిగింది ఒక్కటే, తన సబ్బుపెట్టె ఎప్పుడిస్తాడని.

ఇప్పుడు ఓబుళరెడ్డి దగ్గర కొత్త ఫోన్ ఉంది. ఈశ్వరయ్య అంగట్లో కొనలేదు, పక్క అంగట్లో కొన్నాడు. ఆయనకు తగిన శాస్తి చేసినట్టే అనుకుంటాడు. ఈ పగ తీర్చుకోవడానికి అతనికి మొత్తం అయిన ఖర్చు, గట్టు పక్క పదకొండున్నర సెంట్లు.