సుధాకర్ గారు కుదిర్చిన పెళ్లి

మంచి యజమాని దగ్గర పనిచేసేవాళ్లకు ప్రేమ దక్కదు! పొద్దున వేళకు రమ్మని, సాయంత్రం వేళకు ఇంటికి పంపేసే చోట మనిషికి తోడెందుకు? పెళ్లీడు పిల్లలున్న తల్లిదండ్రులారా, ఆ మ్యాట్రిమొనీ వెబ్‌సైట్లు మూసేయండి. పిల్లల కోసం ఒక దుర్మార్గుడైన బాస్‌ను వెతకండి.

సాక్ష్యం కావాలా? కోవూరు ఎవాంజెలిన్ ఉంది.

సముద్రం దగ్గరున్న ఓ రొయ్యల ఫ్యాక్టరీలో ఆమె క్వాలిటీ పరీక్షలు చేసేది. యజమాని సుధాకర్ గారు. కూర్చుంటే నిద్రొస్తుందని ల్యాబులో కుర్చీలన్నీ తీయించిన మహానుభావుడు! 'మనమంతా ఒక కుటుంబం' అని గోడ మీద రాయించాడు. కుటుంబంలో ఎవరైనా సెలవు అడుగుతారా? ఆదివారం చర్చిలో ఎవాంజెలిన్ ఫోను మోగితే పాస్టరు గారే ప్రసంగం ఆపి, "పోయిరా తల్లీ, మీ సారే అయ్యుంటాడు" అనేవారు.

అక్కడే కోల్డ్ స్టోరేజీ చూసుకునేవాడు జడ్సన్. ఆమెకు అతను ఒక మంకీ టోపీగా మాత్రమే తెలుసు. పలకరించుకునే తీరిక ఎవరికుంది?

ఒకనాడు కారిడార్‌లో ఆమె తుమ్మింది. చేతిలో ట్రే ఎగిరి రొయ్యలన్నీ అతని టోపీ మీద పడ్డాయి. ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు కెమెరాలో పడింది. ఇద్దరికీ పిలుపొచ్చింది.

"ఏందిది? ప్రేమా?" అన్నాడు సుధాకర్ గారు.

"తుమ్మినాను సార్," అంది ఎవాంజెలిన్.

"నువ్వు తుమ్మితే అతనెందుకు నవ్వినాడు?"

శిక్ష కూడా ఆయనే కనిపెట్టాడు. ఇకమీదట ఇద్దరూ కలిసి కోల్డ్ స్టోరేజీలో సరుకు సరిచూడాలి. గడ్డకట్టే చలిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే విరక్తి పుట్టక ఏమవుతుందని ఆయన అంచనా. ఎంత దూరదృష్టి! ఆ చలికి కెమెరా కూడా చచ్చిపోతుందన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఫ్యాక్టరీ మొత్తంలో స్వతంత్ర దేశం అదొక్కటే. ఎవాంజెలిన్ గొంతు సవరించుకుని సుధాకర్ గారిలా ఉపన్యసిస్తే, జడ్సన్ రొయ్యల పెట్టెలకు ఆనుకుని ఊపిరాడనంతగా నవ్వేవాడు. నోట్లోంచి పొగ లేచేది. ఆ పొగ వెనక అతని కళ్లు బాగుంటాయని ఆమె గమనించింది. తన బాధ విడమరచి చెప్పకుండానే తెలిసిన మనిషి లోకంలో ఒకడున్నాడనిపించింది.

ఒకరోజు పళ్లు కటకటలాడుతుండగా అతను అడిగాడు. "మనం పె... పె... పెళ్లి చేసుకుందామా?"

"చలికి అంటుండావా, నిజంగానా?"

"బయటికొచ్చి గూడా అంటా!"

వచ్చాడు. కెమెరా కిందే నిలబడి అన్నాడు.

ఎవాంజెలిన్ తల్లి రెబెక్కమ్మ వెంటనే ఒప్పుకుంది. "ఆ కొంపలో నిన్ను నవ్వించినాడంటే, యాడైనా నవ్విస్తాడు" అంది. చర్చిలో తేదీ ఖాయమైంది. ఇద్దరూ సెలవడగడానికి వెళ్లారు.

సుధాకర్ గారు నిండు మనసుతో దీవించాడు. "శుభం! ఒకరికి ఇస్తా."

"సార్?" అన్నాడు జడ్సన్.

"పెళ్లికి ఇద్దరూ పొయ్యేదెందుకయ్యా? ఇంకొకరు ఈడ చూసుకోవాల గదా!"

ఎవాంజెలిన్ తెల్లకోటు విప్పి ఆయన బల్ల మీద పెట్టింది. ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. "అయితే ఈడ మీరే చూసుకోండి సార్. మేమిద్దరం పోతాం."

జడ్సన్ టోపీ తీసి కోటు పక్కన పెట్టాడు.

పెళ్లయింది. తడ దగ్గర ఓ కంపెనీలో ఇద్దరికీ పని దొరికింది. కొత్త బాస్ ఉత్తముడు. ఐదు కాగానే, "ఇంకా పోలేదా?" అంటాడు. ఎంత అన్యాయం!

మొదటి సాయంత్రం వెలుతురుండగానే ఇల్లు చేరారు. టీ తాగారు. తిట్టుకోవడానికి మనిషి లేడు. ఇన్నాళ్లూ తాము మాట్లాడుకున్నదంతా సుధాకర్ గారి గురించేనని అప్పుడు తెలిసింది. ఎవాంజెలిన్ అతని వైపు చూసింది. ఎదురుగా ఉన్న ఈ మనిషి ఎవరు?

చివరికి బెరుకుగా అడిగింది. "నీకు ఏం కూరంటే ఇష్టం?"

జడ్సన్ తల గోక్కున్నాడు. "తెలీదు. రుచి చూసి తిని శానా కాలమైపోయింది."

"అయితే కనుక్కుందాం పా" అని ఆమె సంచి తీసుకుంది.

బజారుకు వెళ్లారు. కూరగాయల అంగళ్లు తెరిచే ఉన్నాయి. వంకాయలు, బెండకాయలు, పచ్చి మామిడికాయలు రాశులు పోసి ఉన్నాయి. సుధాకర్ గారి దగ్గర పనికి చేరాక ఆ దృశ్యం చూడటం ఇద్దరికీ అదే మొదలు.