మా బావ ఉప్పు, అందరి కాళ్లు

ప్రతి ఇంట్లోనూ డిగ్రీ లేని డాక్టరు ఒకరు ఉండి తీరాలి. ఇది నా డిమాండ్. దీని కోసం అవసరమైతే నిరాహార దీక్షకు కూడా సిద్ధం, భోజనం అయ్యాక!

అసలు డాక్టర్ల దగ్గర ఏముందండీ? ముందు టోకెన్, తర్వాత ప్లాస్టిక్ కుర్చీ, ఆ తర్వాత "ఎప్పట్నుంచి?" అనే ప్రశ్న. ఇంటి డాక్టరుకు ఇవేవీ అక్కర్లేదు. మీరు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే నడక చూసి రోగం తేల్చేస్తాడు. నాకే రోగమూ లేదు బాబోయ్ అన్నారా, అదీ ఒక లక్షణమే!

మా కుటుంబానికి ఆ అదృష్టం మా బావ రూపంలో దక్కింది. బావ అంటే మా అక్క భర్త. నూలుకు రంగులద్దే మిల్లులో గోదాము చూసేవాడు. అందరూ రిటైరయ్యేటప్పుడు గోడ గడియారం తెచ్చుకుంటారు. మా బావ జ్ఞానం తెచ్చుకున్నాడు. ఆ జ్ఞానం పేరు మెగ్నీషియం సల్ఫేట్.

మందుల షాపులో దీన్నే ఎప్సమ్ సాల్ట్ అంటారు. చూడ్డానికి పంచదార, నాలుక మీద వేసుకుంటే చేదు. నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. పెనం మీద వేడి చేస్తే తనలోని నీరంతా వదిలేసి పొడి అవుతుంది. ఆ పొడిని మూత తీసి వదిలేస్తే గాల్లో ఉన్న తేమనంతా తాగేస్తుంది. పెళ్లివారింట్లో చుట్టంలాగా పెట్టింది తిని, పెట్టనిది కూడా లాక్కుంటుందన్నమాట. మిల్లులో అది సంచుల కొద్దీ వచ్చేది. రంగు నూలుకు సమంగా పట్టాలంటే అది కావాలట. కాగితం మిల్లుల వాళ్లు, తోలు బాగుచేసే వాళ్లు, సబ్బుపొడి చేసే వాళ్లు, అందరూ దాన్ని వాడతారని బావ చెప్తాడు.

"ఇన్ని పరిశ్రమలు బాగుపడ్డాయి, మీ మోకాళ్లు బాగుపడవా?" అంటాడు.

ఈ తర్కానికి జవాబు ఉందా మీ దగ్గర?

తెల్లారగానే మా ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్ గులాబీ రాకముందే బావ సందేశం వస్తుంది. కాళ్ల నొప్పికి ఉప్పు. సెగ్గడ్డకు ఉప్పు. నిద్ర పట్టకపోతే ఉప్పు, పట్టిన నిద్ర వదలకపోతే ఉప్పు. మొక్కల ఆకులు పసుపు రంగులోకి తిరిగితే మొదలు దగ్గర చిటికెడు ఉప్పు. ఇది మాత్రం నిజం, ఒప్పుకోవాలి. ఆకు పచ్చదనానికి మెగ్నీషియం కావాలి. మా అక్క కుండీల్లో గులాబీలు ఇప్పుడు ఎంత పచ్చగా ఉన్నాయంటే, వాటి ముందు ఇంట్లో మనుషులే వెలవెలబోతున్నారు.

మలబద్ధకానికి కూడా ఇదే. పక్కింటి ఫొటోగ్రాఫరు సిగ్గుపడుతూ అడిగితే బావ ఒక గ్లాసు కలిపి ఇచ్చాడు. చేదుగా ఉందని అతను మొహం చిట్లిస్తే, "చేదుగా లేకపోతే అది మందెలా అవుతుందోయ్?" అని ఇంకో గ్లాసు ఇచ్చాడు. ఆ సాయంత్రమే అతనికి ఒక ఆఫీసు వార్షికోత్సవం పని ఉంది. ఆ ఆల్బమ్‌లో ముఖ్య అతిథి మైకు దగ్గరికి వెళ్తున్న ఫొటో ఉంది, తిరిగొచ్చి కూర్చున్న ఫొటో ఉంది. మధ్యలో మాట్లాడిన ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. మందు పనిచేయలేదని ఎవరనగలరు?

బావకు తూకం అంటే ప్రాణం. గోదాము మనిషి కదా! అరచేతిలో ఇమిడే బ్యాటరీ కాటా ఒకటి ఎప్పుడూ బల్ల మీద ఉంటుంది. ఎవరి కాళ్లకు వాళ్ల తూకం. పెద్ద పాదానికి ఎక్కువ, చిన్న పాదానికి తక్కువ. చెప్పుల సైజు అడిగి మందిచ్చే వైద్యుణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఇంత గొప్ప వైద్యుడికి సొంత కూతురే పేషెంటయితే ఎలా ఉంటుంది? ఊహించండి!

మా మేనకోడల్ని ఇంట్లో చిట్టి అంటాం. డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పుతుంది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ ఆమె గొంతు వింటే బ్రేకు మీద కాలేస్తారు. ఎనిమిదో నెల వచ్చాక తల్లిదండ్రుల దగ్గరికి వచ్చింది. భర్త రైల్లో గార్డు. దింపి వెళ్తూ మామగారి చేతికి ఒక బీపీ మెషిన్ ఇచ్చి, "రోజూ ఒకసారి చూస్తుండండి మామయ్యగారూ" అన్నాడు. బావ దాన్ని భద్రంగా, అతి భద్రంగా, బీరువాలో పెట్టాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి చిట్టి పాదాలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. మొహం కూడా ఉబ్బింది. పొద్దుట్నుంచీ తలనొప్పట. మా అక్క పక్కన కూచుని నుదురు నొక్కుతోంది. బావ మాత్రం పండగ చేసుకుంటున్నాడు. టబ్బు సిద్ధం, వేడినీళ్లు సిద్ధం, కాటా మీద ఉప్పు కొండలా ఉంది.

"ఏడో నంబరు చెప్పులు కదూ తల్లీ? నీరు పట్టింది కాబట్టి ఎనిమిదో నంబరు లెక్కన వేస్తున్నా" అన్నాడు.

చిట్టి కాళ్లు టబ్బులో పెట్టగానే ఫొటో గ్రూపులోకి వెళ్లింది. సలహాల వాన మొదలైంది. పిన్ని చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. బాబాయి, "తలనొప్పి మంచిదే, కాళ్లలో వేడి పైకెక్కుతోంది" అని రాశాడు. ఆ వేడి ఎక్కడిదో, అది ఏ మెట్లెక్కి పైకి పోతుందో ఎవరూ అడగలేదు. అడిగితే గ్రూపులోంచి తీసేస్తారు!

"నాన్నా, కళ్ల ముందు మిణుగురుల్లా ఏవో తిరుగుతున్నాయి" అంది చిట్టి.

"అంటే ఉప్పు పట్టిందన్నమాట!" బావ మొహం వెలిగిపోయింది.

చిట్టి నావైపు తిరిగి కళ్లు చిట్లించింది. "మామయ్యా, నువ్వు ఇద్దరుగా కనబడుతున్నావు."

"ఒక్కణ్ణే భరించలేకపోతున్నారు కదే" అన్నాను.

ఆమె నవ్వలేదు. టబ్బులోంచి కాళ్లు తీసి నేల మీద పెట్టింది.

"రోడ్డు రెండుగా కనబడితే ఏం చెయ్యమని చెప్తాను నా స్టూడెంట్లకి? సర్దుకుంటుందిలే అని పోనివ్వమంటానా? బండి పక్కకి ఆపి, తాళం ఇంకొకళ్ల చేతికి ఇవ్వమంటాను. మామయ్యా, తాళం తీసుకో. ఆస్పత్రికి."

"నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి తల్లీ, వృథా అయిపోతాయి!" బావ అడ్డం పడ్డాడు.

"ఆ నీళ్లలో మీ తలకాయ పెట్టుకోండి" అంది మా అక్క. కాపురానికి వచ్చాక ఆమె భర్తకు రాసిన మొదటి ప్రిస్క్రిప్షన్ అదే.

కారులో నా పక్కన చిట్టి, వెనక అక్క, అక్క పక్కన బావ. బావ ఒళ్లో ఉప్పు డబ్బా. దారిలో అవసరం పడొచ్చని!

"క్లచ్ మీంచి కాలు తియ్యి మామయ్యా, అది పీట కాదు" అంది చిట్టి కళ్లు మూసుకునే. సిగ్నల్ దగ్గర ఒకసారి తెరిచి చూసింది. "నాకు ఆరు లైట్లు కనబడుతున్నాయి. ఏది నిజమో నువ్వే తేల్చుకో." ఆ తర్వాత మాట్లాడలేదు. నా డ్రైవింగ్‌ను ఆమె తిట్టకుండా ఉండటం అదే మొదటిసారి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిట్టి చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, మాట్లాడకుండా మళ్లీ చుట్టి చూసింది. తర్వాత అన్నీ పరుగులే.

"బీపీ బాగా పెరిగిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవి. పాతకాలం వాళ్లు గుర్రపువాతం అంటారే, అది. తల్లికీ ప్రమాదం, బిడ్డకీ ప్రమాదం" అని మాతో చెప్పి, నర్సు వైపు తిరిగింది. "సిస్టర్, మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టండి."

పాఠకులారా, ఆ క్షణంలో మా బావను మీరు చూడాల్సింది. ఉరికంబం ఎక్కుతున్నవాడికి సన్మాన పత్రం చదివినట్టయింది. డబ్బా రెండు చేతులతో ముందుకు చాచాడు.

"నా దగ్గర ఉందండీ!"

డాక్టరమ్మ ఆ డబ్బాను, ఆయన్ను మార్చి మార్చి చూసింది. "ఇది సూదిమందండీ. శుద్ధి చేసి, నరంలోకి ఎక్కించి, ఊపిరి లెక్కపెడుతూ, మోకాలు కొట్టి చూస్తూ ఇస్తాం. ఎక్కువైతే కాలు ఎగరడం మానేస్తుంది, ఇంకా ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుంది. మీ దగ్గర బీపీ మెషిన్ లేదా?"

"ఉందండీ. కొత్తది."

"మరి చూడలేదా?"

బావ డబ్బా మూత బిగించాడు. "దాని బ్యాటరీలు కాటాలో ఉన్నాయండీ."

"ఏ కాటా?"

"ఉప్పు తూచేది."

డాక్టరమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇన్నేళ్ల చదువులో దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ వచ్చి ఉండదు.

ఆ పూటంతా మేం తలుపు అద్దంలోంచి ఒకటే దృశ్యం చూశాం. నర్సు చిన్న రబ్బరు సుత్తితో చిట్టి మోకాలి కింద కొడుతుంది. కాలు కొంచెం ఎగురుతుంది. అది ఎగిరినప్పుడల్లా ఇవతల మా అక్క ఊపిరి తీసుకునేది. మళ్లీ నర్సు వచ్చేదాకా బిగబట్టేది. బావ ఆ పక్కనే డబ్బా పట్టుకుని నిలబడ్డాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కాస్త బరువు తక్కువ, గొంతు మాత్రం లారీ హారన్. తల్లి తేరుకుంది. కూతురి ఏడుపు వినగానే చిట్టి అన్న మొదటి మాట, "నెమ్మదిగా, ఇది హాస్పిటల్ జోన్."

ఇక ఇప్పుడు చెప్పండి, మా బావ తప్పు చెప్పాడా? మందు అదే! రోగికి కావాల్సింది కూడా అదే! మధ్యలో పాదాలు అడ్డం వచ్చాయంతే!

బిడ్డ కళ్లు తెరవకముందే గ్రూపులో బావ విజయ ప్రకటన వచ్చింది. "చివరికి పెద్ద డాక్టర్లు కూడా మన ఉప్పుకే వచ్చారు." కింద చప్పట్ల బొమ్మలు. బాబాయి, "నేనప్పుడే చెప్పాను" అని రాశాడు. ఏం చెప్పాడో ఎవరికీ గుర్తులేదు, ఆయనతో సహా. వీధిలో బావ గిరాకీ పెరిగింది. పైగా ఇప్పుడు వైద్యంలో కొత్త అంశం చేరింది. వచ్చినవాళ్లను కుర్చీలో కూచోబెట్టి చెక్క గరిటెతో మోకాళ్ల మీద కొడుతున్నాడు. నొప్పి లేకుండా వచ్చినవాళ్లు కూడా నొప్పితో వెళ్తున్నారు. వైద్యశాల కళకళలాడకేం చేస్తుంది?

అందుకే నా డిమాండ్ వెనక్కి తీసుకోను. ఇంటింటికీ ఒక ఇంటి డాక్టరు ఉండాల్సిందే. కాకపోతే మొన్న చిట్టి తన పాపతో ఇంటికి వచ్చిన రోజు చూసింది కూడా చెప్పాలి కదా.

బావ ఫొటోగ్రాఫరును కూచోబెట్టి కాటా మీట నొక్కాడు. వెలగలేదు. మళ్లీ నొక్కాడు.

"బ్యాటరీలేవే?"

"ఎక్కడ ఉండాలో అక్కడున్నాయి" అంది చిట్టి, ఒక చేత్తో పాపను ఎత్తుకుని, ఇంకో చేత్తో బీపీ మెషిన్ తెచ్చి బల్ల మీద పెడుతూ.

"తూకం లేకుండా వైద్యం ఎలా చేసేది?"

"ముందు నీ చెయ్యి ఇటియ్యి నాన్నా."

"నాకెందుకే? గుండ్రాయిలా ఉన్నాను!"

చిట్టి వినలేదు. పట్టీ చుట్టి మీట నొక్కింది. మెషిన్ బుసబుసమని ఊపిరి పీల్చి, వదిలి, ఒక అంకె చూపించింది. చిట్టి దాన్ని చూసింది. మాట్లాడకుండా మళ్లీ చుట్టి చూసింది. పాపను మా అక్కకు అందించింది.

బావ చెయ్యి మెల్లగా ఉప్పు డబ్బా వైపు వెళ్లింది. దాన్ని మా అక్క అంతకుముందే తీసేసింది.

"మామయ్యా" అంది చిట్టి, "తాళం తీసుకో."