పది కిలోమీటర్లకు చాలని అడవి

మొన్న పొద్దున మా ఇంట్లో సాక్సుల మీద గొడవ జరిగింది. మావారి సాక్సులకు అంటుకున్న అడవి ముళ్లగింజలు వాషింగ్ మెషిన్‌లో అత్తయ్య ఉన్ని శాలువాకు పట్టుకున్నాయి. వాటిని ఒక్కొక్కటే పీకుతూ, ఆ సాక్సులు విడిగా నానబెట్టమని ఎన్నిసార్లు చెప్పానో గుర్తుచేశాను. ఆయన షూ లేసులు కట్టుకుంటూ, "అది ప్రకృతి. ఇంటిదాకా వచ్చిందంటే సంతోషించాలి" అన్నారు. పీకేవాళ్లు వేరే ఉంటే ప్రకృతి ఎవరికైనా ముద్దుగానే ఉంటుందన్నాను. ఆయన వాచీ నొక్కుకుని అడవిలో పరుగుకు వెళ్లిపోయారు.

శాలువా బాగయ్యేసరికి నాకు జ్ఞానోదయమైంది. ఊరి పక్కనున్న రక్షిత అడవిని నిజంగా రక్షిస్తున్నది అందులో పరిగెత్తేవాళ్లే! నవ్వకండి. ముందు వినండి.

రన్నింగ్ ట్రైల్ రాకముందు ఆ అడవి ఎంత అధ్వానంగా ఉండేదో గుర్తుందా? ఎంత దూరం వచ్చామో చెప్పే బోర్డు లేదు. చెట్లు వాటి ఇష్టం వచ్చినచోట పెరిగేవి. దారులు ఏ కారణమూ లేకుండా వంకర్లు తిరిగేవి. పిట్టలు వేళాపాళా లేకుండా కూసేవి. అన్నిటికన్నా సిగ్గుచేటు, అంత పెద్ద అడవిలో ఒక్క సెల్ఫీ పాయింటు లేదు!

ఇప్పుడు చూడండి. చెట్ల మొదళ్లకు నారింజరంగు బాణాలు గీశారు. ఇన్నేళ్లూ పనీపాటా లేకుండా నిలబడ్డ చెట్లకు దారి చూపించే ఉద్యోగం దొరికింది. కొమ్మలకు మెరిసే రిబ్బన్లు కట్టారు. ఎండుటాకుల మధ్య రన్నర్లు ఓపిక కోసం చీకి పారేసిన ఎనర్జీ జెల్ ప్యాకెట్లు ఎర్రగా, నీలంగా విచ్చుకుని ఉంటాయి. పూలకోసం ఇక రుతువులు మారేదాకా ఎదురుచూడక్కర్లేదు. సెలవు రోజుల్లో గేటు దగ్గర పెద్ద స్పీకరు పెట్టి, గుండె అదిరే పాటలు వేస్తున్నారు. పిట్టలు ఆ పోటీ తట్టుకోలేక తప్పుకున్నాయి. ప్రతిభ లేనివాళ్లు తప్పుకోవడం ఏ రంగానికైనా మంచిదే కదా?

ఈ పుణ్యమంతా రన్నర్స్ క్లబ్బుది. దాని అధ్యక్షుడు మా వీధి చివరి పళ్ల డాక్టరు. ఆయన ఇంటి మేడమీద నిలబడితే అడవి గేటు కనిపిస్తుంది. కానీ పరిగెత్తడానికి వెళ్లే పెద్దమనిషి నడుచుకుంటూ వెళ్తే ఏం మర్యాద? కారులోనే వెళ్తారు. సభ్యులందరి కార్లూ ఎండకు మాడిపోతున్నాయని, గేటు పక్కనున్న చెట్లు కొట్టించి నీడకు రేకుల షెడ్డు వేయించారు. ఇంత ముందుచూపు ఎవరికుంటుంది!

ఏటా 'అడవి కోసం పరుగు' అని పోటీ పెట్టి, జింక బొమ్మ వేసిన టీషర్టులు పంచుతారు. మా ఇంట్లో అల్మారా అర ఒకటి వాటితోనే నిండిపోయింది. పాతవాటితో స్టవ్వు గట్టు తుడుస్తున్నాను. జింక బాగా పీల్చుకుంటుంది.

కొందరు గిట్టనివాళ్లు అంటారు, ఈ పరుగులవల్ల నడిచేవాళ్లకు చోటు లేకుండా పోయిందని. అబద్ధం. మా అత్తయ్యనే తీసుకోండి. మోకాళ్ల నొప్పులతో, చేతికర్రతో ఆమె సాయంత్రాలు నాతో ఆ దారిన నడిచేది. వెనకనుంచి "సైడ్, సైడ్" అని కేక వినిపించేది. ఏ పక్కకు తప్పుకోవాలో ఆమె తేల్చుకునేలోపే ఎవరిదో మోచెయ్యి తగిలేది. ఒకాయనైతే ఆగకుండానే, "ఆంటీ, ఎడమవైపు నడవాలని తెలీదా" అని నాకు క్లాసు పీకి వెళ్లాడు. ఆయన నాకన్నా పదేళ్లయినా పెద్దవాడు. పరుగు మనిషికి యవ్వనాన్ని ఇస్తుందని ఊరికే అనరు!

ఆ శిక్షణవల్ల మాకు మేలే జరిగింది. అడవి రేంజరు అత్తయ్య కర్రను చూసి, కాపలా వాచర్లు తిరిగే లోపలి కాలిబాటలో మమ్మల్ని వెళ్లనిచ్చాడు. చెరువుకు ఇవతల మనుషులు పోకుండా కంచె ఉంది, అది దాటొద్దు, గట్టిగా మాట్లాడొద్దు అన్నాడు. అత్తాకోడళ్లం గట్టిగా మాట్లాడకుండా గడిపే వేళ రోజులో అదొక్కటే.

జింకలు అక్కడికి నీళ్లకు వస్తాయి. ఒకప్పుడు గేటు నుంచి నాలుగడుగులు వేస్తే కనిపించేవి. ట్రైల్ వచ్చాక లోపలికి జరిగి, జరిగి, ఆ చెరువు గట్టున తేలాయి. ఒకరోజు కంచె పట్టుకుని నిలబడి అత్తయ్య మెల్లగా అంది: "నీళ్లు తాగుతూ కూడా ఒక కాలు ఎత్తే పెట్టుకుంటోంది చూడు. ఎప్పుడు పరిగెత్తాల్సి వస్తుందోనని."

పోయిన నెల క్లబ్బు మీటింగులో పళ్ల డాక్టరు ఒక గొప్ప విషయం ప్రకటించారట. ట్రైల్ తెరిచిన దగ్గర్నుంచి తమ వల్ల ఒక్క జంతువు కూడా బెదరలేదని! ఇన్నేళ్లుగా ఇంతమంది సభ్యులు పరిగెత్తుతున్నా, ఒక్క జింక కూడా వాళ్లను చూసి పారిపోలేదని! మావారు ఇంటికొచ్చి ఈ సంగతి మురిసిపోతూ చెప్పారు. పంటి నొప్పి పోయిందో లేదో ఆ డాక్టరు ఎలా తేలుస్తారో నాకప్పుడు అర్థమైంది. పన్ను పీకేశాక ఎవరూ నొప్పి అనరు.

ఆ ప్రకటన వెనక ఒక అవసరం ఉంది. ట్రైల్ ఒక చుట్టు తిరిగితే పది కిలోమీటర్లకు కాస్త తక్కువ వస్తోంది. ఎంత అవమానం! పది పూర్తికాని పరుగును వాచీ పదిగా ఒప్పుకోదు. వాచీ ఒప్పుకోనిది నలుగురికీ ఎలా చూపించుకుంటారు? ఆ తక్కువైన ముక్కను మన వీధిలో పరిగెత్తమని, దారిలో ఇంట్లోకొచ్చి స్టవ్వు కూడా కట్టేయొచ్చని మావారికి చెప్పాను. వీధిలో ప్రకృతి ఉండదన్నారు. కాబట్టి తప్పు అడవిదే అని క్లబ్బు తేల్చింది. కంచె తీసి చెరువు గట్టు మీదుగా దారి వేస్తే లెక్క సరిపోతుందట.

చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు అభ్యంతరం లేకపోతే చూద్దామని రేంజరు ఈ ఆదివారం గేటు దగ్గర అందరినీ పిలిచాడు. అక్కడ క్లబ్బు తరఫున మాట్లాడే బాధ్యత మావారు నాకు అప్పగించారు. "నువ్వు క్లబ్బు మనిషివి కాదు, పైగా డిగ్రీ చదివావు. నీ మాటకు విలువుంటుంది" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా డిగ్రీ ఇంట్లో ప్రస్తావనకు రావడం అదే మొదలు. మనసు కరగదా మరి? ఇప్పటిదాకా మీరు చదివింది నేను ఎంతో శ్రద్ధగా తయారుచేసుకున్న ఆ ఉపన్యాసమే.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మావారు అంతా సిద్ధమేనా అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా అత్తయ్య కల్పించుకుంది.

"ఒరే, నువ్వు రోజూ పోతావు కదా. అక్కడ జింకను చూసి ఎన్నాళ్లయింది?"

ఆయన ఆలోచించారు. అలవాటుకొద్దీ వాచీ కేసి కూడా చూశారు. అందులో ఆ వివరం ఉన్నట్టు లేదు. ఈమధ్య అవి ఎటో వెళ్లిపోయాయమ్మా అన్నారు.

"ఎటో కాదురా. చెరువు దగ్గరే ఉన్నాయి. ఇంకా వెనక్కి జరగడానికి దాని అవతల అడవి లేదు, హైవే ఉంది."

మా అమ్మాయి తినడం ఆపి వాళ్ల నాన్న కేసి చూసింది. ఆయన నా కేసి చూశారు, డిగ్రీ ఉన్న మనిషి సర్దిచెబుతుందని కాబోలు.

"రేపు నేను మాట్లాడతాను, ఒప్పుకున్నాను కదా" అన్నాను. "కాకపోతే కంచె తీయొద్దని మాట్లాడతాను. అత్తయ్య కూడా వస్తున్నారు. డాక్టరుగారికి ఈ పూటే చెప్పేయండి, తర్వాత మీకు మాట రాకూడదు."

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు. "అంతమందిలో నా పరువు తీస్తావా? ఆ కాస్త దారి కోసం?"

"మీరంతా కలిసి అడుగుతున్నదీ ఆ కాస్త దారినే కదండీ" అన్నాను.