కంటకయ్య రాసిన ఒప్పందాలు

ఒక పెద్ద అడవిలో యుద్ధం రాకూడదని జంతువులన్నీ ఎంత పకడ్బందీగా ఏర్పాట్లు చేసుకున్నాయంటే, చివరికి యుద్ధం రాక తప్పలేదు.

ఆ ఏర్పాట్లన్నీ రాసింది కంటకయ్య అనే ముళ్లపంది. కుందేళ్ళ బయలులో భార్య సూదమ్మతో, ఇద్దరు పిల్లలతో ఒక బొరియలో కాపురం. వీపు మీది ముల్లు పీకి, నేరేడు రసంలో ముంచి, టేకాకు మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాడు. అడవిలో పెద్దలందరికీ అతనే గుమాస్తా.

ఏనుగు జోలికి ఎవరైనా వస్తే అడవిదున్న అడ్డుపడాలి. ఉడుతల జోలికొస్తే ఎలుగుబంటి, ఎలుగుబంటి జోలికొస్తే పులి. అన్నీ టేకాకుల మీద ఉన్నాయి, కాలిముద్రలతో సహా.

"ఇంతమంది ఇంతమందికి మాటిచ్చుకున్నాక ఇంకెవడు కాలు దువ్వుతాడే?" అని కంటకయ్య ఇంట్లో గొప్పలు పోయేవాడు.

"రాసేటప్పుడు అసలు చదువుతారా మీరు?" అంది సూదమ్మ.

"గుమాస్తా చదివితే తప్పులు పడతాయే పిచ్చిదానా. చూసి దించాలంతే."

ఒకరోజు ఏనుగు మేనల్లుడు ఉడుతల చెట్టుకు వీపు రుద్దుకుంటుంటే తేనెటీగ ఒకటి తొండం మీద కుట్టింది. తొండం వాచింది. ఏనుగు వంశం పరువు అంతకంటే ఎక్కువ వాచింది. పది షరతులు రాయించి, పొద్దుగూకేలోగా జవాబు చెప్పమని ఏనుగు ఉడుతలకు కబురు పెట్టింది.

ఉడుతలు తొమ్మిదింటికి ఒప్పుకున్నాయి. క్షమాపణ చెబుతామన్నాయి, తేనెపట్టు తీసేయిస్తామన్నాయి, మేనల్లుడి పుట్టినరోజుకు సెలవు కూడా ఇచ్చుకుంటామన్నాయి. పదో షరతు దగ్గర ఆగిపోయాయి. ఏనుగులే స్వయంగా చెట్టెక్కి ప్రతి తొర్రా సోదా చేస్తాయట.

"అయ్యా, కుట్టిన ఈగ కుట్టగానే చచ్చిపోయింది. మీరెక్కితే చెట్టు మిగలదు" అని ముసలి ఉడుత చేతులు జోడించింది.

"మాకు చెట్టెక్కడం రాదన్న సంగతి వేరు," అంది ఏనుగు. "ఎక్కొద్దనడానికి నువ్వెవరు?"

అంతే. ఏనుగు ఉడుతల చెట్టు మీదికి దండెత్తింది. ఉడుతల కోసం ఎలుగుబంటి లేవబోయింది. ఏనుగు కోసం అడవిదున్న లేచింది.

కంటకయ్య భోజనానికి ఇంటికొస్తుంటే నేల అదిరింది. చూస్తే అడవిదున్నల మంద కుందేళ్ళ బయలులోకి దిగుతోంది. ఎదురు పరిగెత్తాడు.

"దొరా, దారి తప్పారు! గొడవ ఉడుతల దగ్గర!"

"తప్పలేదయ్యా," అంది పెద్ద దున్న. "ఎలుగుబంటి నిద్ర లేచి ఒళ్ళు విరుచుకునేసరికి పదిహేను రోజులు. ఈలోగా పులిని కొట్టి రావాలి. పులి దగ్గరికి దారి ఇదే."

"పులి ఏమీ అనలేదు కదండీ!"

"అంటుంది. ఒప్పందం ఉందిగా. నువ్వు రాసిందే."

"కాస్త పక్కనుంచి పొండి దొరా, నా పిల్లలు బొరియలో ఉన్నారు!"

పెద్ద దున్న కంటకయ్య చేతే రాయించుకున్న దండయాత్ర పత్రం తీసింది. పాపం, నిజంగానే కిందా మీదా వెతికింది.

"పక్కకు తిరగమని ఎక్కడా లేదయ్యా. ఆగమని కూడా లేదు. ఇంత అందంగా రాశావు, ఆ రెండు ముక్కలూ రాయలేకపోయావా?"

మంద బొరియ మీదుగా వెళ్ళిపోయింది. సూదమ్మ కూతుర్ని లాగేసింది. కొడుకును లాగేలోపు వాడి వెనక కాలు నలిగిపోయింది. కంటకయ్య వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తన చేతిరాత మీద తనకే అసహ్యం వేసింది.

"తొలకరికల్లా ఇంటికొచ్చేస్తాం" అని అందరూ వెళ్ళారు. నాలుగు తొలకరులు వచ్చిపోయాయి. రెండు పక్షాలూ గోతులు తవ్వుకుని, ఎదురుబొదురుగా బురదలో కూర్చుని, గోతిలోంచి తల బయటపెట్టిన ప్రతివాణ్ణీ చంపుకున్నాయి. ఉడుతల చెట్టును కాపాడటానికి వచ్చిన ఎలుగుబంటి, పైనుంచి కాపలా కాద్దామని ఎక్కి, ఆ చెట్టును విరగ్గొట్టింది. ఏనుగుల మంద చీలికలు పేలికలైంది. ఆఖరికి పులి గెలిచింది. మూడు కాళ్ళతో నిలబడటాన్ని గెలుపంటారని అప్పుడే అందరికీ తెలిసింది.

శాంతి ఒప్పందం రాయడానికి మళ్ళీ కంటకయ్యనే పిలిచారు. ఈసారి అతను చదివాడు. యుద్ధానికి తప్పంతా అడవిదున్నదే. దాని మేతబీడు ఇకనుంచి పులిది. దున్నలన్నీ కొమ్ములు అరగదీయించుకోవాలి.

"దొరా," అన్నాడు కంటకయ్య, "తప్పు అందరిదీను. రాసిన నాది కూడా. ఈ మొదటి వాక్యం తీసేద్దామండీ."

"నీ పని రాయడమా, ఆలోచించడమా?" అంది పులి.

కంటకయ్య కుంటి కొడుకును తలుచుకున్నాడు. ఇంట్లో దుంపలు అయిపోయిన సంగతీ తలుచుకున్నాడు. రాశాడు. పెద్ద దున్న తల వంచుకుని కాలిముద్ర వేసింది. దాని దూడ కన్నార్పకుండా చూస్తూ నిలబడింది.

"తాతా, మా నాన్న ఏం ఒప్పుకున్నాడు అందులో?" అని అడిగింది.

"అన్నీ ఒప్పుకున్నాడమ్మా."

"నేను పెద్దయ్యాక ఒప్పుకోను" అంది దూడ, చాలా నెమ్మదిగా.

కంటకయ్య ఇంటికొచ్చేసరికి సూదమ్మ కొత్త బొరియ తవ్వుతోంది. నడుముల దాకా అయింది.

"శాంతి వచ్చిందటగా! ఇక చాలు కదండీ ఈ లోతు?" అంది మట్టి దులుపుకుంటూ.

కంటకయ్య లోపలికి దిగి తవ్వడం మొదలుపెట్టాడు.

నీతి: శాంతిని ఎంత గట్టిగా రాయించుకుంటే, రెండో యుద్ధానికి అంత రాతకోతల శ్రమ తగ్గుతుంది.