నూరు దండము

ఊరి చివరి గోదాముకు తాళాలు బిగించాలని తాళాల మేస్త్రి ఆ ఉదయం పెందలాడే తయారయ్యాడు. చెప్పుల్లో కాలు పెట్టబోతుంటే కోర్టు కాగితం వచ్చింది. అతని తాళంచెవులు అరగదీసే మిషన్ రొద భరించలేక పై వాటా లెక్కల మాస్టారు వేసిన కేసులో తీర్పు అది. "పొరుగువారి ప్రశాంతతకు భంగము కలిగించినందున ప్రతివాది నూరు దండము చెల్లింపవలెను."

"ఎంత కట్టమన్నారు?" భార్య అడిగింది.

"కట్టడం కాదే. వంద దండాలు పెట్టాలట!"

"అంతేనా! చేతులేమైనా అరుగుతాయా? పెట్టేసి పనికెళ్ళండి."

మేస్త్రి పళ్ళు నూరుకుంటూ మెట్లెక్కి, వరండాలో ఉన్న మాస్టారి ముందు నిలబడి "ఒకటి... రెండు..." అని మొదలుపెట్టాడు. మాస్టారు మొదట పేపరు అడ్డం పెట్టుకున్నారు. పాతిక దాటాక లేచి నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇన్ని దండాలు ఆయన ఎరగరు. యాభై దాటేసరికి చిత్రంగా మేస్త్రికే కోపం కరిగింది. తల దానంతట అదే వంగింది.

పాల ప్యాకెట్లు తెచ్చినావిడ మెట్ల మీదే కొయ్యబారిపోయింది. ఇంటి ఓనరుకే నమస్కారం పెట్టని మనిషి! "మాస్టారిలో ఏదో ఉందమ్మా" అని పక్క వాటాలో చెప్పింది. పక్క వాటా వీధికి చెప్పింది. మధ్యాహ్నానికి మెట్ల నిండా చెప్పులే. ఎదురింటి టైలరు తన మోకాలి నొప్పి పోయిందని ఒట్టేశాడు. "నేనేం చేశానయ్యా?" అని మాస్టారు మొత్తుకుంటే, అంత వినయం తామెక్కడా చూడలేదన్నారు జనం. సాయంత్రానికి ఆయన కూడా తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకోసాగారు.

అప్పుడే వచ్చాడు కోర్టు బంట్రోతు. జనాన్ని వరుసలో నిలబెడుతున్న మేస్త్రిని మాస్టారు కూర్చున్న గదిలోకి లాగాడు.

"దండమంటే జరిమానా, మేస్త్రీ! మా జడ్జిగారు పాతకాలం మాటలు తప్ప రాయరు. వంద తియ్యి."

"మరి పొద్దున పెట్టినవో?"

"అవి కోర్టు లెక్కలోకి రావు."

మేస్త్రి నోరు తెరిచాడు. మాస్టారు చటుక్కున ఆ నోరు మూసి, జేబులోంచి వంద తీసి బంట్రోతు చేతిలో పెట్టారు. "అతని తరఫున నేనే కడుతున్నా. ఈ మాట గుమ్మం దాటకూడదు నాయనా."

కేసు వేసినవాడే జరిమానా కట్టడం బంట్రోతు తన ఇరవై ఏళ్ళ సర్వీసులో చూడలేదు. కళ్ళు చెమర్చగా నోటు మడిచి జేబులో పెట్టుకుని, వంగి మాస్టారి పాదాలు తాకాడు.

"అయ్యా... మా ఆవిడకి నడుం నొప్పండీ."

ఆ పారవశ్యంలో రశీదు ఇవ్వడం మాత్రం మరిచిపోయాడు.