హైబ్రిడ్ సొరకాయకు నా జేజేలు

ఇంట్లో విత్తనం దాచుకునేవాడంత వెనకబడినవాడు ఈ దేశంలో ఇంకొకడు లేడని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. ఈ పందొమ్మిది వందల అరవై నాలుగో సంవత్సరంలో కూడా హైబ్రిడ్ సొర నాటని రైతు ఉన్నాడంటే మన మనుబోలు పరువేం కావాలి!

అసలు హైబ్రిడ్ అంటే ఏమిటి? గ్రామసేవక్ ఆనందబాబు మా అరుగు మీద కూచుని వివరంగా చెప్పాడు. రెండు సొర వంశాలను తీసుకుంటారట. పువ్వులకు కాగితం సంచులు కట్టి, తేనెటీగను కూడా రానివ్వకుండా, ఏడు తరాలు ఇంట్లో ఇంట్లోనే సంబంధాలు చేస్తారట. అంటే మేనరికాలన్నమాట. ఆ తర్వాత ఈ ఇంటి పిల్లను ఆ ఇంటి పిల్లాడికిస్తే పుట్టేదే హైబ్రిడ్. మా వంశంలో ఏడు తరాలుగా మేనరికాలే. ఒక్క బయటి సంబంధం చేసుకుని ఉంటే నేనూ ఆరడుగులుండేవాణ్ణి కదా!

మొదటి సంవత్సరం కాసిన సొరకాయను ఇద్దరు మోశారు. విత్తనాల కంపెనీవాళ్లు ఫోటో తీస్తామన్నారు, వెనక తెల్లగోడ కావాలన్నారు. మా గోడ మీదేమో మా ఆవిడ ఆదిశేషమ్మ కొట్టిన పిడకలు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పొట్టి సొర గింజలను పురుగు పట్టకుండా ఆ పేడలో పొదిగి దాచేది. నాగరికుడి గోడకు పిడకలేమిటి? గీకించి సున్నం కొట్టించాను. ఊరంతటికీ అదే ఉపదేశం చేశాను. ఫోటోలో సొరకాయ స్పష్టంగా ఉంది. దాని వెనక నేనూ కొంత కనిపిస్తాను.

మరుసటేడు ఆ కాయ గింజలే నాటాను. ఆనందబాబు వద్దన్నాడు, నేను వింటానా? ఏడు పాదులు, ఏడు రకాలు. ఒకటి బుంగలా, ఒకటి పాములా, ఒకటి నోట పెట్టలేనంత చేదు. ఏడో పాదు కాయాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తూనే ఉంది. దీన్ని నష్టమంటారా? ఇంత ఉత్కంఠ ఏ సినిమాలో ఉంది?

పైగా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! ఇదివరకు పాదులు పెట్టే రోజుల్లో "అక్కా, నాలుగు గింజలియ్యి" అంటూ ఆడవాళ్లు వచ్చి పూటంతా కబుర్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు ఒక్కరూ రారు.

ఒక్క చిన్న లోటు. పొట్టి సొరలో రొయ్యలు వేసి ఆదిశేషమ్మ చేసే కూర మా ఇంట్లో కనబడి రెండేళ్లయింది. హైబ్రిడ్ కాయతో చేయమంటే, "రొయ్యల్ని నీళ్లలోంచి తెచ్చింది మళ్లా నీళ్లలో వదిలేదానికా?" అంది.

అందుకని, కేవలం శాస్త్రీయ పరిశీలన కోసం, వెనక వీధి రెబెక్కమ్మ ఇంటికి వెళ్లాను. ఏటా మా ఇంటి గింజలు తీసుకుపోయేది ఆవిడే. వాళ్ల గోడ తెల్లగా మెరిసిపోతోంది.

"గింజలేవమ్మా?" అన్నాను.

"నువ్వే గదన్నా పిడకలు గీకెయ్యమని చెప్పినావు. నీ ఫోటో చూసే గీకేసినాం."

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే ఆదిశేషమ్మ తిట్టలేదు. "అది మా అమ్మ చేతి విత్తనం" అని మాత్రం అంది. నాకు చాలా సిగ్గేసింది.

కాబట్టి పాఠకులారా, హైబ్రిడ్‌కు జై! వెంకటాచలం ఊరి వైపు గాని, ఇంకెక్కడైనా గాని, నా మాట వినని పుణ్యాత్ములు ఎవరైనా మిగిలి ఉంటే నాలుగు పొట్టి సొర గింజలు కవర్లో పెట్టి పంపండి. పైన ఆదిశేషమ్మ గారికి అని రాయండి. నా పేరుంటే మా ఇంట్లో ఆ కవరు విప్పరు.